తినే వచ్చానండి

"మాస్టారూ, ఇంకా ఎన్ని మాటలు నేర్చుకుంటే ఎదుటి మనిషి చెప్పేది అర్థమవుతుందండీ?" అని అడిగింది ఎస్తేరు రాణి. అడిగి, భుజాన ఉన్న బ్యాగయినా దించకుండా అరుగు చివర కూలబడింది.

ధర్మారావు మాస్టారు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, విశాఖపట్నం పాతపట్నంలో తమ ఇంటి అరుగు మీద పొద్దున్నపూట మాలాంటి వాళ్ళకి ఊరికే పాఠం చెబుతుండేవారు. మాలాంటి వాళ్ళంటే ఇంగ్లీషు మీద ప్రేమ ఉన్నవాళ్ళం కాదు, దానితో అవసరం పడ్డవాళ్ళం. నేను పోర్టులో గుమాస్తాని. ఎస్తేరు ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఓడల్లో వచ్చి జబ్బుపడిన విదేశీ నావికుల్ని ఉంచే వార్డుకి ఆమెను కొత్తగా వేశారు. నచ్చితే ఉండొచ్చు, లేకపోతే పాత వార్డుకి పోవచ్చు. ఏ సంగతో ఆ రోజు మధ్యాహ్నంలోగా మేట్రన్‌కి చెప్పాలి.

ఇంగ్లీషులో ఒక రకం మాటలున్నాయి, మనల్ని ఏడిపించడానికే పుట్టినవి. గివ్ అంటే తెలుసు, అప్ అంటే తెలుసు. రెండూ కలిసి గివ్ అప్ అయ్యేసరికి, విడిగా కనిపిస్తే పలకరించే అన్నదమ్ములు జంటగా ఎదురైతే మొహం తిప్పేసుకున్నట్టుంటుంది. మాస్టారు వాటిని జంట మాటలు అనేవారు. ఎస్తేరు వాటిని బస్సులో వల్లెవేసేది, నడుస్తూ వల్లెవేసేది, మాలో అందరికంటే ఎక్కువ ఆమెకే వచ్చు. ఆ విషయంలో నాకు కొంచెం కడుపుమంట ఉండేదని వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పిల్ల ఇలా అడిగేసరికి మాస్టారు కళ్ళజోడు తీసి, "ఏం జరిగిందమ్మా?" అన్నారు.

"మా వార్డులో ఓ పెద్దాయన ఉన్నారండి, ఓడలో ఇంజనీరు. చెయ్యి విరిగితే ఆ ఓడ ఆయన్ని ఇక్కడ దించీసి వెళిపోయింది. నిన్న రాత్రి నేను డ్యూటీ ఎక్కగానే, 'ఐ థింక్ ఐ విల్ టర్న్ ఇన్' అన్నారండి. ఓ పక్కకి తిప్పమంటున్నారు గావాలనుకుని, నేనూ ఆయమ్మా కలిసి తిప్పీసేమండి. విరిగిన చేతి వైపుకే."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. నాకు నవ్వు ఆగక దగ్గాను. టర్న్ ఇన్ అంటే, ఇక పడుకుంటాను అన్నాడు పాపం ఆ పెద్దమనిషి. పడుకుంటానంటే పల్టీ కొట్టించారు.

"ఆయన అరుపుకి వార్డంతా లేచిపోయిందండి. క్షమించమని బతిమాలి, ఏటైనా కావాలా అని అడిగేను. 'డోంట్ బాదర్, సిస్టర్. ఐ విల్ గెట్ బై' అన్నారు. ఈ మాట నాకు బాగా వచ్చునండి. గెట్ బై అంటే ఎలాగో నెట్టుకొస్తానని. నువ్వు శ్రమ పడకు, నా పాట్లు నేను పడతాను అన్నారన్నమాట. సరే కదా అని మరి ఆ మంచం దరికి వెళ్ళలేదు. తెల్లారి చూస్తే రాత్రి పెట్టిన భోజనం పెట్టినట్టే ఉంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకునున్నారు." ఆమె అరచేత్తో మొహం తుడుచుకుంది. "అర్థం తెలీనప్పుడు నొప్పెట్టేను. తెలిసినప్పుడైనా ఏటి చేసేను? ఆయనకి నా అవసరం లేదండి. మేట్రన్ గారికి చెప్పీసి పాత వార్డుకి పోతాను. రేపట్నించి పాఠానికీ రాను."

నాకు నవ్వు పోయి దిగులు పట్టుకుంది. మిగతా నర్సులు ఇంగ్లీషుకి జడిసి ఆయన మంచం దగ్గర క్షణమైనా నిలబడరని ఎస్తేరే ఓసారి చెప్పింది. ఈమె కూడా పోతే ఊరుగాని ఊళ్ళో ఆ ముసలాయనకి ఆ గోడే దిక్కు.

అడిగిన వెంటనే జవాబు చెబితే ఆయన ధర్మారావు మాస్టారే కారు. ఈలోగా ఆయన భార్య మహాలక్ష్మమ్మగారు లోపల్నించి దిబ్బరొట్టె తెచ్చారు. సన్నని సెగ మీద ఓపిగ్గా కాల్చింది, అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పక్కన అల్లం పచ్చడి. మాస్టారికీ నాకూ చెరో ముక్క పెట్టారు. ఆ ఇంట్లో నేను పాతబడిపోయాను కనక వద్దనే ముచ్చట లేకుండా అందుకున్నాను. తర్వాత ఆవిడ ఎస్తేరు ముందుకి పళ్ళెం జరపబోయారు.

"వద్దమ్మగారూ, తినే వచ్చానండి."

మన వైపు ఈ మాటకి ఒక మర్యాద ఉంది. ఆకలితో ప్రాణం పోతున్నా మొదటి పిలుపుకే చెయ్యి చాపితే తిండిపోతనుకుంటారు. వద్దన్నారు కదా అని ఊరుకుంటే పెట్టే ఇంటికి తలవంపులు. అందుచేత వాళ్ళు మళ్ళీ అడగాలి, వీళ్ళు మళ్ళీ వద్దనాలి, ఆఖరికి మీ మాట తీసెయ్యలేక అంటూ కూర్చుని పళ్ళెం ఖాళీ చెయ్యాలి. పసిపిల్లలకి కూడా తెలిసిన వ్యవహారం. మహాలక్ష్మమ్మగారు రెండోసారి అడగడానికి నోరు తెరిచారు.

"వద్దంటోంది కదా, తీసుకుపో," అన్నారు మాస్టారు.

ఆవిడ పళ్ళెంతో అలాగే నిలబడిపోయారు. ఆ గుమ్మంలో అటువంటి మాట నేనెన్నడూ వినలేదు.

"తినే వచ్చానంది. అచ్చమైన తెలుగు. నాకూ అర్థమైంది, నీకూ అర్థమైంది. తిన్న మనిషిని బలవంతపెట్టడం దేనికి?" అని, మాస్టారు తన ముక్క తుంచి పచ్చడిలో అద్దుకుని, తాపీగా నములుతూ ఆ రోజు జంట మాటలు చెప్పడం మొదలుపెట్టారు.

నా చేతిలో ముక్క నోటిదాకా వెళ్ళలేదు. ఎస్తేరు తల వంచుకుని బ్యాగు పట్టీ నలుపుతోంది. రాత్రంతా కాళ్ళమీద నిలబడి, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిన పిల్ల. ఎప్పుడు తిన్నదో, ఏం తిన్నదో మొహమే చెబుతోంది. మాస్టారంటే నాకు ప్రాణమే గాని, ఆ క్షణాన ఒళ్ళు మండిపోయింది. గురువైతే మాత్రం ఇంత కటువుగా ఉండాలా?

నా తరఫున మహాలక్ష్మమ్మగారే అందుకున్నారు. "మీ చదువు చట్టుబండలు గానూ! రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్ల కళ్ళు పీక్కుపోయి కూకుంటే, వద్దందంట, తీసుకుపోవాలంట!" అంటూ ఎస్తేరు పక్కనే చతికిలబడి, పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టేశారు. "తినవే తల్లీ. చల్లారితే బాగోదు."

"నిజంగానే తిన్నానమ్మగారూ..."

"తిన్నావులే. మళ్ళీ తిను."

ఎస్తేరు తిన్నది. మొదటి ముక్కకే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. వెంటే నవ్వూ వచ్చింది, రెండూ కలిసి పొలమారింది. మహాలక్ష్మమ్మగారు నెత్తి మీద తట్టి, నీళ్ళు తాగించి, ఇంకో ముక్క అడక్కుండానే వేశారు.

మాస్టారు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టారు. "అది కాదే, ఆ పిల్ల స్పష్టంగా వద్దనే అన్నదిగా?"

"మనుషులు చెప్పే మాటలు వింటూ కూకుంటే ఈ ఇంట్లో ఏ ఒక్కరూ కడుపునిండా తినరు," అని కసిరి, ఆవిడ పచ్చడి కోసం లోపలికి వెళ్ళిపోయారు.

ఎస్తేరు చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. మాస్టారి వైపు చూసింది. మాస్టారు వీధి వైపు చూస్తున్నారు. తర్వాత ఆమె గబగబా మిగిలింది తినేసి, చెయ్యి కడుక్కుని, బ్యాగు తగిలించుకుంది.

"పాఠం అవలేదే! ఎక్కడికి?" అన్నాను.

"వార్డుకండి. అక్కడే ఉంటానని మేట్రన్ గారికి చెప్పాలి. దానికన్నా ముందు..." అని ఆగి, లోపలికి కేకేసింది. "అమ్మగారూ, ఓ ముక్క ఆకులో చుట్టి ఇస్తారా?" ఆ పిల్ల ఆ ఇంట్లో నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

మహాలక్ష్మమ్మగారు ఎవరికని అడగలేదు. పెద్ద ముక్కే అరిటాకులో చుట్టి తెచ్చి, "కారం తినలేరేమో, పచ్చడి బదులు బెల్లం పెట్టేను," అన్నారు. ఎస్తేరు దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగింది.

వీధిలోకి రెండడుగులు వేసిందో లేదో, మాస్టారు పిలిచారు.

"ఎస్తేరూ! ఆయన మొదట వద్దనే అంటాడమ్మా. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చో."