ఎనిమిదడుగుల వెదురు

ఉదయం తొమ్మిదీ నలభైకి లీడింగ్ ఫైర్‌మన్ దస్తగిరి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. కొత్తగా చేరిన ఫైర్‌మన్ ఓబులేసు ఒక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. మునిసిపల్ కమిషనర్ మెమో. ఎక్కడైనా మంటలంటుకున్నాయని కబురొస్తే తప్ప ఫైరింజన్ షెడ్డు దాటకూడదు. డీజిల్ వృథా. మీరితే చర్య.

రోజూ దుకాణాలు తెరిచే వేళకు ఇంజన్ను గుడ్డల బజారు సందు చివరి గోడదాకా తీసుకెళ్లి తేవడం దస్తగిరికి ఏళ్లనాటి అలవాటు. రోడ్డు మీద సరుకు పరుచుకునే వాళ్లకు ఆ ఇంజన్ కంట్లో నలుసు.

"ఇంక మానుకుందాం సార్," అన్నాడు ఓబులేసు. "వచ్చే నెల నా ఉద్యోగం పర్మనెంటు కావాల. నేను చేరినాక ఆ సందులో అగ్గిపుల్ల గూడా అంటుకోలా."

దస్తగిరి మెమో చదివి, కింద గుండ్రంగా సంతకం పెట్టాడు. ఇంజన్ తాళంచెవి మేకుకు తగిలించాడు. షెడ్డు వెనక నుంచి వెదురు బొంగొకటి తెచ్చి, ఇంజన్ మూతికి అడ్డంగా పెట్టి, ఈ పక్క అద్దం నుంచి ఆ పక్క అద్దందాకా కొలిచి కోశాడు. ఎనిమిదడుగులు.

"ఆ కొస పట్టుకో."

"యాడికి సార్?"

"ఇంజన్ పోగూడదన్నారు. మనం పోగూడదని యాడ రాసినారు?"

ఇద్దరూ బొంగును అడ్డంగా పట్టుకుని నడిచారు. సందు మొదట్లోనే అది రామసుబ్బయ్య కొట్టు బయట వేసిన బల్లకు తగిలింది.

"ఏం దస్తగిరీ, ఇంజన్ అమ్ముకు తిన్నారా?" అన్నాడు రామసుబ్బయ్య. పక్క కొట్లవాళ్లు నవ్వారు.

ఓబులేసు తల దించుకున్నాడు. "పైకెత్తి దాటిద్దాం సార్," అని గొణిగాడు.

"ఇంజన్నూ అట్లే ఎత్తుతావా?"

కదలకుండా నిలబడ్డారు. వెనక స్కూటర్లు పోగయ్యాయి. హారన్లు మొదలయ్యాయి.

"కమిషనర్‌కు ఫోన్ చేస్తా!" అన్నాడు రామసుబ్బయ్య.

"చెయ్యి సుబ్బయ్యా. ఆయనొచ్చినా బల్ల జరిగేదాకా ఈడనే ఉంటాం."

పదకొండు నిమిషాలు గడిచాయి. చివరికి స్కూటర్లవాళ్లే రామసుబ్బయ్య మీద విరుచుకుపడ్డారు. ఆయన తిట్టుకుంటూ బల్ల లోపలికి లాక్కున్నాడు. ఆ తర్వాతి కొట్లవాళ్లు బొంగు దగ్గరికి రాకముందే సరుకు సర్దుకున్నారు.

బొంగు చివరి గోడకు తగిలింది. అక్కడి మేడ పైన కుట్టుమిషన్ల గది. ముప్పై మంది ఆడవాళ్లు. దిగడానికి ఒక్కటే చెక్క నిచ్చెన. కిటికీలకు ఇనుప ఊచలు. ఊచల వెనక నుంచి ఒకామె అడిగింది.

"ఏందన్నా, బొంగు మోసుకొస్తిరి?"

"దారి చూసుకుంటున్నాం తల్లీ."

ఓబులేసు ఆ నిచ్చెన వైపు చాలాసేపు చూశాడు.

మర్నాడు దస్తగిరి బూట్లు తొడుక్కోకముందే ఓబులేసు బొంగు భుజాన పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

పన్నెండు రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఓబులేసును పర్మనెంటు చేయడం ఆరు నెలలు వాయిదా. అతను చదివి, కింద గుండ్రంగా సంతకం పెట్టాడు.

కాగితం వెనక్కి తీసుకుంటూ గుమాస్తా రత్నమ్మ అతని ముఖంలోకి చూసింది.

"మీ గురువుకైతే మూడు దఫాలు వాయిదా వేసినారు నాయనా," అంది. "అప్పుడూ ఇదే సందు."