గిట్ట కొట్టే వయసు

ఇప్పలకోన అనే అడవి నిండా ఇప్పచెట్లే. ఆ చెట్ల కింద చుక్కల దుప్పుల మంద ఒకటి మేస్తూ ఉండేది. కొమ్మల మీద కొండముచ్చులు, పొదల్లో అడవికోళ్ళు, బండల సందుల్లో ముళ్ళపందులు ఉండేవి. వీటన్నిటి కోసం కాచుకుని చిరుతా ఉండేది, రేచుకుక్కలూ ఉండేవి.

దుప్పుల మందకు పెద్ద శిఖరుడు. వాడి కొమ్ములు ఎంత పొడుగంటే, దారిలో పొద కనిపిస్తే చాలు, వాటితో ఒకసారి కెలికి గానీ ముందుకు వెళ్ళేవాడు కాదు. పొదకు కూడా తానెవరో తెలియాలని వాడి ఉద్దేశం.

దుప్పులకు వయసు లెక్క ఇప్పపూతతోనే. ఇప్పపూలు రాలడం ఎన్నిసార్లు చూస్తే అన్ని పూతలు నిండినట్టు.

ఆ మందలో ఒక కట్టడి ఉండేది. రెండు పూతలు నిండినవాళ్ళు కాపలా బండ మీద నిలబడాలి. కాపలాలో తప్పు జరిగితే శిక్ష అనుభవించాలి. కానీ గిట్ట కొట్టాలన్నా, సభలో మాట్లాడాలన్నా మాత్రం నాలుగు పూతలు నిండాలి.

కూత వేయడం వేరు, గిట్ట కొట్టడం వేరు. శత్రువు కంటికి కనిపిస్తే కూత వేస్తారు. అప్పుడు మంద పారిపోతుంది. కంటికి ఏమీ కనిపించకపోయినా ఈ దారి మంచిది కాదని తోస్తే గిట్టతో నేలను గట్టిగా కొడతారు. అప్పుడు మంద ఆగిపోతుంది. మందను ఆపే హక్కు చిన్నవాళ్ళకు లేదు.

ఆ ఎండాకాలం మొదట్లోనే ఒక ఘోరం జరిగింది. గరిక అనే కుర్ర దుప్పి కాపలాలో ఉన్నాడు. వాడికి రెండు పూతలు నిండి ఎంతో కాలం కాలేదు. చిరుత వాసన వాడి ముక్కుకు తగిలింది. కానీ చిరుత కనిపించలేదు. గిట్ట కొట్టే వయసు లేదు కాబట్టి కనిపించేదాకా ఆగాడు. అది కనిపించేసరికి ఆలస్యమైపోయింది. ఒక పసికూనను నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

మందసభ కూడింది. కూన తల్లి ఏడుస్తూ గరిక మీద విరుచుకుపడింది.

"నాకు వాసన వచ్చింది పెద్దయ్యా. కానీ గిట్ట కొట్టకూడదు కదా!" అన్నాడు గరిక.

"కాపలా నీది. కూన పోయింది. ఇంకేం మాట్లాడతావ్?" అన్నాడు శిఖరుడు. "వాగు దాటి వెళ్ళిపో. మళ్ళీ ఈ మందలో కనిపించకు."

గరిక అక్క మిణుకు ముందుకు వచ్చింది. ఇద్దరూ ఒకే పూతలో పుట్టారు, కాస్త ముందూ వెనకా. "పెద్దయ్యా, గిట్ట కొట్టడానికి చిన్నవాడైనవాడు శిక్షకు మాత్రం పెద్దవాడెలా అయ్యాడు?" అని అడిగింది.

"సభలో మాట్లాడటానికి నీకెన్ని పూతలు నిండాయి?"

మిణుకు వెనక్కి తగ్గింది.

మందలో అందరికన్నా ముసలిది నెమరవ్వ. ఆమె అప్పుడు ఒక అడుగు ముందుకు వేసింది. "ఆగు నాయనా శిఖరుడూ. ఈ నాలుగు పూతల మాటకు ముందు ఇంకో మాట ఉండేది. అదేమిటంటే... ఆ ఏడు..." అని ఆగిపోయింది. ఆమె కళ్ళు చెట్ల మధ్య ఎక్కడో వెతికాయి. "నోటిదాకా వచ్చింది. ఇప్పుడే ఇక్కడే ఉంది."

నెమరవ్వ ఆ మాటను మరిచిపోతానేమోనని రోజూ పడుకుని నెమరు వేస్తూ తలుచుకునేది. కావలసిన రోజునే అది జారిపోయింది.

"నీళ్ళు తాగావా లేదా అన్నదే నీకు గుర్తుండదు అవ్వా. పోయి నీడలో పడుకో," అన్నాడు శిఖరుడు. కొందరు నవ్వారు.

పైన కొమ్మ మీద కూర్చున్న కొండముచ్చు తోక ఊపింది. "మా దగ్గర ఎవరు చూస్తే వాళ్ళే అరుస్తారు. పుట్టి ఎన్నాళ్ళయిందని అడుగుతూ కూర్చుంటే చిరుత అందరినీ ఒకే లెక్కలో వేస్తుంది," అంది.

"కోతుల కట్టడి మాకెందుకు!" అన్నాడు శిఖరుడు.

గరిక వెనక్కి తిరిగి చూస్తూ వాగు దాటిపోయాడు. ఒంటరి దుప్పి అడవిలో ఎన్నాళ్ళు బతుకుతుంది? ఆ రోజు నుంచి మిణుకుకు గడ్డి రుచించలేదు.

ఎండలు ముదిరాయి. కుంటలన్నీ ఎండిపోయి, లోయలోని మడుగు ఒక్కటే మిగిలింది. మడుగుకు రెండు దారులు. ఒకటి రెండు కొండచరియల మధ్య ఇరుకుదారి. చల్లగా ఉంటుంది, దగ్గర. రెండోది బండల దారి. చుట్టు తిరిగి పోవాలి, బండలు కాళ్ళను కాల్చేస్తాయి. కానీ పై నుంచి లోయ మొత్తం కనిపిస్తుంది.

ఒకరోజు పొద్దెక్కాక మంద నీళ్ళకు బయలుదేరింది. కూనల నాలుకలు ఎండిపోయి ఉన్నాయి. ఇరుకుదారి మొదట్లో ఉన్న కాపలా బండ మీద ఆ రోజు మిణుకు నిలబడింది.

లోయలోంచి గాలి పైకి వీచింది. మిణుకు ముక్కుపుటాలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. కుళ్ళిన మాంసం వాసన. తడిసిన కుక్క బొచ్చు వాసన. ఒకటి కాదు, చాలా.

మిణుకు కళ్ళు చిట్లించి చూసింది. నీడ, రాళ్ళు, ఎండిన తీగలు. ఏమీ కదలడం లేదు.

అది బండ మీది నుంచి పరుగున దిగి శిఖరుడికి ఎదురు వచ్చింది. "పెద్దయ్యా, లోపల రేచుకుక్కలున్నాయి. వాసన వచ్చింది."

"కనిపించాయా?"

"లేదు. కానీ..."

"కనిపిస్తే కూత వెయ్యి. లేకపోతే పక్కకు తప్పుకో."

"కనిపించేసరికి మంద మధ్యలో ఉంటుంది. అటూ ఇటూ తిరగడానికి కూడా చోటుండదు. బండల దారిన పోదాం పెద్దయ్యా. లేదా మీరే ఒక్కసారి గిట్ట కొట్టండి."

"చూడు పిల్లా," అన్నాడు శిఖరుడు. "కుర్రవాళ్ళు ఆకు కదిలినా బెదురుతారు. నీ బెదురు కోసం ఈ కూనలను కాలే బండల మీద నడిపించనా? దారిలో దాహంతో పడిపోతే ఎవరిది పాపం? అందుకే నాలుగు పూతలన్నారు పెద్దలు."

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మిణుకు కూనలవైపు చూసింది. అన్నిటికన్నా చిన్న కూన అప్పటికే నీళ్ళ వాసన పట్టి ఇరుకుదారి వైపు గెంతుతోంది.

మిణుకు తిరిగి బండ ఎక్కింది. మళ్ళీ గాలి వీచింది. మళ్ళీ అదే వాసన, ఇంకా ఘాటుగా. కూత వేద్దామంటే కంటికి ఏదీ కనిపించడం లేదు. ఊరుకుంటే గరికకు పట్టిన గతే పడుతుంది. గిట్ట కొడితే కట్టడి తప్పినందుకు అదే శిక్ష పడుతుంది. ఎటు చూసినా తనకు వాగు దాటడమే మిగిలింది. కానీ గిట్ట కొడితే ఆ కూన బతుకుతుంది.

కూన ముందుకాలు ఇరుకుదారిలో పెట్టింది.

మిణుకు గిట్ట ఎత్తి బండ మీద కొట్టింది.

ఆ చప్పుడు చరియలకు తగిలి తిరిగి వచ్చింది. నడుస్తున్న మంద నడుస్తున్నట్టే ఆగిపోయింది. కూన బిత్తరపోయి తల్లి కాళ్ళ మధ్యకు పరుగెత్తింది.

"ఎవరది?" శిఖరుడు గర్జించినంత పని చేశాడు. "ఎవరు కొట్టమన్నారు నిన్ను? సాయంత్రం కల్లా నువ్వూ నీ తమ్ముడి దగ్గరికే! నడవండి అందరూ!"

మంద అటూ ఇటూ ఊగింది. ముందుకు పోదామంటే గిట్ట చప్పుడు చెవుల్లో ఉంది. ఆగుదామంటే పెద్దయ్య కేకలు వేస్తున్నాడు. దాహం అందరినీ ముందుకు నెడుతోంది.

అప్పుడు వెనక నుంచి నెమరవ్వ తడబడుతూ వచ్చింది. పసి గిట్ట చేసిన ఆ చప్పుడు విని ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"గుర్తొచ్చింది!" అంది. "మళ్ళీ పోకముందే చెప్పేస్తాను, అడ్డు రాకండి. పూర్వం అన్నిటికీ నాలుగు పూతలే. కాపలాకూ నాలుగే, శిక్షకూ నాలుగే, గిట్టకూ నాలుగే. ఒక ఏడు జబ్బు వచ్చి పెద్దవాళ్ళు చాలామంది పోయారు. కాపలాకు దుప్పులు చాలక రెండు పూతలవాళ్ళను బండ ఎక్కించారు. మొదట ఎక్కింది నేనే. మరి గిట్ట కూడా కొట్టనా అని అడిగాను. వానలు పడ్డాక చూద్దాం అన్నాడు అప్పటి పెద్దయ్య. వానలు పడ్డాయి. గడ్డి మొలిచింది. ఎవరూ చూడలేదు. నేనూ మళ్ళీ అడగలేదు."

ఆమె నడిచి వెళ్ళి కాపలా బండ పక్కన నిలబడింది. "నేను ఈ పిల్ల మాట వింటున్నాను," అంది.

ఆ చిన్న కూన తల్లి నెమరవ్వ వెనక చేరింది. ఆమె వెనక ఇంకొకరు. చూస్తూండగానే మంద మొత్తం బండల దారి వైపు తిరిగింది.

శిఖరుడి కళ్ళు ఎర్రబడ్డాయి. "రెండు పూతల పిల్ల కాలు కొడితే నేను ఆగాలా? మీరు మాడండి. నేను చల్లగా తాగి వస్తాను," అంటూ తల ఎగరేసి ఇరుకుదారిలోకి దిగాడు.

కాసేపు ఏమీ వినిపించలేదు.

తర్వాత లోపల నుంచి సన్నని ఈల వినిపించింది. దానికి జవాబుగా ఇంకో ఈల. రేచుకుక్కలు వేటలో ఒకదాన్నొకటి పిలుచుకునే ఈల అది. రాళ్ళ చాటు నుంచి ఎర్రటి ఒళ్ళు పైకి లేచాయి. ఇప్పుడు కనిపించాయి కాబట్టి మిణుకు గొంతు చించుకుని కూత వేసింది.

వెనక్కి తిరగబోయిన శిఖరుడి కొమ్ములు చరియల మధ్య తీగల్లో చిక్కుకున్నాయి. పిచ్చిగా గుంజుకున్నాడు. ఒక కొమ్ము ఫెళ్ళున విరిగింది. తొడ మీద పళ్ళు దిగాయి. ఎలాగో విదిలించుకుని దారి చివరనున్న మడుగులోకి దూకి, మెడలోతు నీళ్ళలో నిలబడ్డాడు. కుక్కలు గట్టు మీద కూర్చున్నాయి.

మంద బండల మీద నుంచి ఊపిరి బిగబట్టి చూసింది. దాహంతో కూనలు మూలిగాయి, కానీ ఒక్కటీ పడిపోలేదు. పొద్దు వాలాక కుక్కలు విసుగెత్తి వేరే వేట వెతుక్కుంటూ పోయాయి. అప్పుడు మంద దిగి కడుపునిండా తాగింది. శిఖరుడు కుంటుకుంటూ ఒడ్డుకు వచ్చాడు.

మర్నాడు సభ కూడింది. ఒంటి కొమ్ముతో నిలబడి కూడా శిఖరుడు తగ్గలేదు. "కట్టడి కట్టడే. మిణుకు వయసు నిండకుండా గిట్ట కొట్టింది. వాగు దాటాల్సిందే," అన్నాడు.

అప్పుడు చిరుత నోట కూనను పోగొట్టుకున్న తల్లి లేచింది.

"ఆ రోజు గరిక మీద అందరికన్నా ఎక్కువ అరిచింది నేనే," అంది. "వాడు గిట్ట కొట్టగలిగి ఉంటే నా బిడ్డ ఉండేది. నా బిడ్డను పోగొట్టింది ఆ పిల్లవాడు కాదు, మన కట్టడి."

"రేపు ప్రతి కుర్రవాడూ ఊరికే గిట్ట కొడితే?" అన్నాడు శిఖరుడు.

"ఊరికే కొడితే మీకు ఏ శిక్ష పడుతుందో మాకూ అదే వెయ్యండి," అంది మిణుకు. "శిక్ష వద్దని మేం అనలేదు పెద్దయ్యా. శిక్షతో పాటు గిట్ట కూడా ఇవ్వమన్నాం."

మంద ఒక్కొక్కరుగా వచ్చి మిణుకు పక్కన నిలబడింది. శిఖరుడి పక్కన ఎవరూ మిగలలేదు. ఆ తర్వాత వాడు మంద చివరనే నడిచేవాడు. పొదలను కెలకడం మానేశాడు.

కాపలాకు ఏ వయసు చాలునో గిట్టకూ సభకూ ఆ వయసే చాలునని ఆ రోజే నిర్ణయమైంది. ఆ సంగతి ఎలా మొదలైందో కూనలందరికీ చెప్పమని నెమరవ్వ పట్టుబట్టింది. "నా తలలో మాత్రం దాచకండి. అక్కడ నిలవడం లేదు," అంది.

మిణుకు వాగు గట్టుకు పరుగెత్తి గరికను పిలిచింది. జవాబు లేదు. రోజూ వచ్చి పిలిచింది. కూనలు కూడా దానితో గొంతు కలిపాయి. ఒకరోజు అవతలి పొద కదిలింది. డొక్కలు లోపలికి పోయిన ఒక దుప్పి బయటికి వచ్చి, ఇసుకలో కాలు పెట్టబోయి ఆగిపోయింది.

"రా గరికా!" అంది మిణుకు.

"నాకింకా నాలుగు పూతలు నిండలేదక్కా," అన్నాడు గరిక.

"ఇక్కడెవరూ అడగడం లేదు, వచ్చెయ్," అంది మిణుకు.

నీతి: బరువు మోయడానికీ శిక్ష పడటానికీ చాలిన వయసు, మాట చెప్పడానికీ చాలాలి.