రాజుగారి పారణ, పైడమ్మ పడవ

కొండకీ సముద్రానికీ నడుమ ఒకానొక బుల్లి రాజ్యం ఉండేది. దానికి రాజు వీరభూపతి. మనసు వెన్నే గాని, గొప్పలు చెప్పుకోవడంలో మాత్రం ఆయనకాయనే సాటి.

ఆ రాజ్యంలో ఏరు దాటించే పడవలు ఒకటీ అరా తప్ప అన్నీ ఎక్కడినుంచో వచ్చిన రేవు షావుకార్ల చేతిలో ఉండేవి. రాజుగారిది గట్టుజాతి. తనవాళ్ళు బీదరికంలో ఉన్నారని బాధపడి, పడవ నడుపుకోవడానికి ఇచ్చే పట్టాల్లో సగం గట్టువాళ్ళకే ఇవ్వాలని శాసనం వేయించాడు. అంతటితో ఊరుకున్నాడా? దాన్ని రాతిమీద చెక్కించి, సభకొచ్చిన ప్రతివాడిచేతా పైకి చదివించేవాడు. చదువు రానివాళ్ళకి తనే చదివి వినిపించేవాడు. పాపం, ఆస్థాన హాస్యగాడు కూర్మన్నకి అది నిద్రలో కూడా వప్పజెప్పేటంత కంఠతా వచ్చేసింది.

ఒకనాడు పొద్దున్నే పైడమ్మ అనే గట్టుజాతి పడవమనిషి వచ్చి కూర్మన్న గుమ్మంలో కూలబడింది.

"పట్టా లేదని వచ్చే పున్నమికి నా పడవ లాగేసుకుంటారంట బాబూ. మా ఆయన పోయాక నన్నూ నా పిల్లల్నీ సాకుతున్నది ఆ పడవే. మావోళ్ళకని ఇచ్చిన పట్టాలు మాలో ఒక్కరికీ రాలేదు. అన్నీ జగ్గరాజుగారే పట్టుకుపోయారు."

జగ్గరాజు రాజుగారి పినతండ్రి కొడుకు. అతనిదీ గట్టుజాతే మరి. పట్టాలన్నీ తన పేరునా, కొడుకుల పేరునా రాయించుకుని, మళ్ళీ ఆ షావుకార్లకే అద్దెకిచ్చి, మేడమీద చల్లగా కూర్చున్నాడు.

కూర్మన్నకి కడుపు మండింది. తిన్నగా వెళ్ళి రాజుతో చెప్పాడు.

వీరభూపతి మీసం దువ్వుకున్నాడు. "అయితే ఏమిటోయ్? జగ్గడు మావాడు కాడూ? వాడికి అందితే మావాళ్ళందరికీ అందినట్టే."

"చిత్తం ప్రభూ. అన్నట్టు, రేపు ఏకాదశి. ఎల్లుండి తమ పారణకి వంటలూ వడ్డనలూ నన్ను చూసుకోమంటారా?"

రాజు సరేనన్నాడు. ఏకాదశినాడు ఆయన మంచినీళ్ళు కూడా ముట్టడు. ద్వాదశి పొద్దున ఎప్పుడు విస్తరి వేస్తారా అని కూర్చుంటాడు.

ద్వాదశినాడు స్నానం, పూజ ముగించుకుని వచ్చి పీటమీద కూర్చున్నాడు. ముందు ఉత్త విస్తరి. నేతి వాసన వస్తోంది గాని అన్నం రావడంలేదు.

"వడ్డనేదోయ్?"

"అయిపోయింది ప్రభూ. తమ శాసనం చూసి నేనూ నేర్చుకున్నాను. వంటకాల్లో సగం అతిథులకీ, సగం రాజవంశానికీ కేటాయించాను. అతిథుల వాటా షావుకార్లు తినేశారు. వంశం వాటా పంచమని జగ్గరాజుగారికి అప్పజెప్పాను. ఆయన సుష్టుగా భోంచేసి, మిగిలిన గంగాళాలు బండెక్కించి మేడకి తోలుకుపోయారు."

"మరి నా మాటేమిటి?"

"వంశానికి అందింది కదా ప్రభూ. తమకీ అందినట్టే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. వాడు తింటే నా కడుపెలా నిండుతుందయ్యా?"

ఆ మాట అనేసి రాజు నాలిక్కరుచుకున్నాడు.

కూర్మన్న చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు. "పైడమ్మ అడుగుతున్నదీ అదే ప్రభూ. తమకి ఒక్కపూటే, ఆవిడకి రోజూ."

ఇంతలో రాజుగారి పొట్ట పెద్దగా గుర్రుమంది. ఆయన గబుక్కున దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అందరూ తలలు దించుకున్నారు. రాజే ముందు నవ్వాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కూర్మన్న తలుపు చాటునుంచి దాచిన పళ్ళెం తెచ్చాడు. వేడన్నం, ముద్దపప్పు, అవిసాకు కూర. ముద్ద నోట పెట్టుకునే ముందే రాజు రాయసగాణ్ణి పిలిపించి రాసుకోమన్నాడు.

"జగ్గడి పట్టాలన్నీ రద్దు. ఇకమీదట మావాళ్ళలో తెడ్డువేసి బతికేవాళ్ళకే పట్టా. అడగొచ్చినవాళ్ళు ముందు అరచేతులు చూపించాలి."

పైడమ్మ చేతులు కాయలు కాసి ఉన్నాయి. తొలి పట్టా ఆవిడకే దక్కింది. జగ్గరాజూ పట్టా అడగొచ్చాడు గాని, చేతులు ఉత్తరీయంలో దాచుకుని ఇంటిదారి పట్టాడు.

రాజు కూర్మన్న వేలికి పచ్చల ఉంగరం తొడిగి, బుట్టెడు అరిసెలు కూడా తెప్పించాడు. "ఇవి మీ ఇంటిల్లిపాదికీ. బయట మీ అన్న ఉన్నాడుగా, ఇచ్చి పంపమంటాను."

"వద్దు ప్రభూ, నా చేతికే ఇప్పించండి," అన్నాడు కూర్మన్న కంగారుగా. "మా అన్నయ్యకి దారిలో ఆకలేస్తుంది."

రాజు మళ్ళీ పొట్ట పట్టుకున్నాడు, ఈసారి నవ్వలేక.