సింగమ్మ తీసిన ముద్ద

ఒకానొక రాజ్యంలో దొంగలకంటే దొంగతనాల పేర్లే ఎక్కువగా ఉండేవి. ఆ రాజ్యం మేలుగిరి. దాన్ని ఏలేవాడు విజయకంఠీరవ భూపాలుడు. మనిషి మంచివాడే కానీ, తన ధర్మపాలనను ఎవరైనా పొగిడితే చాలు, ఇక నేలమీద నడిచేవాడు కాదు.

పొగడడానికి ఆస్థానంలో విరూపాక్ష సోమయాజిగారు ఉండనే ఉన్నారు. ఆయన పన్నెండేళ్లు కూర్చుని దొంగతనాలమీద ఒక గ్రంథం రాశారు. లోకంలోని దొంగతనాలన్నీ అందులో ముప్పై ఆరు తరగతులు. గోడ దూకి చేసేది ఒకటి, తలుపు తట్టి చేసేది ఒకటి, చుట్టరికం కలుపుకుని చేసేది ఒకటి, ఏడుస్తూ చేసేది ఇంకొకటి. ప్రతి తరగతికీ ఒక శిక్ష. రాజుగారి సొత్తు ముట్టుకుంటే మాత్రం ఏ తరగతి అయినా ఒకటే, ఏ అవయవంతో తీశారో ఆ అవయవం తెగాల్సిందే.

ఆ కొలువులోనే ముత్తప్ప అనేవాడు అడపం పట్టేవాడు. అంటే రాజుగారికి తాంబూలం చుట్టి అందించడం అతని పని. పని చిన్నదే, మనిషి మాత్రం బహు చురుకు. పైగా మేలుగిరిలో తాతలనాటినుంచీ ఒక ఆచారం ఉంది. రాజు తీర్పు చెప్పి, తాంబూలం వేసుకుంటేనే ఆ తీర్పు ఖాయం. వేసుకున్నాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా అది మారదు.

ఒకనాడు భటులు సింగమ్మ అనే ఆడమనిషిని కొలువులోకి తెచ్చారు. గజశాల ఊడ్చే మనిషి. పట్టపుటేనుగు మల్లభద్రుడి పళ్లెంలోంచి ఒక బెల్లపన్నం ముద్ద తీసి కొంగులో కట్టుకుంటుంటే పట్టుబడింది.

"కుడిచేత్తో తీసిందా, ఎడమచేత్తోనా?" అని సోమయాజిగారు గ్రంథం విప్పారు.

"కుడిచేత్తోనే బాబూ. మా ఇంటాయన మూడు నెలలై మంచంలో ఉన్నాడు. ఇంట్లో గింజ లేదు. ఆకలికి..."

"కారణాలు అడగలేదు! కారణాలకు మా గ్రంథంలో చోటు లేదు. ఇది పదకొండో తరగతి, రాజుగారి సొత్తు. కుడిచెయ్యి."

రాజుగారు గంభీరంగా తల పంకించి, "అలాగే కానివ్వండి" అంటూ తాంబూలానికి చెయ్యి చాపారు.

ఊడ్చి ఊడ్చి కాయలు కాసిన ఆ చెయ్యి చూస్తే ముత్తప్ప వేళ్లు ఆకు చుట్టడానికి రాలేదు. సున్నపు కాయ మూత తీసి, లోపలికి తొంగిచూసి, ముఖం వేలాడేశాడు.

"క్షమించాలి ప్రభూ. సున్నం ఎండి రాయైపోయింది. కొత్తది నానాలంటే రేపటిదాకా పడుతుంది. సున్నం లేకుండా వేసుకుంటే ఆచారం తప్పినట్టవుతుందేమో."

ఆచారం మాట వినగానే రాజుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సోమయాజిగారు పళ్లు కొరుక్కున్నారు. తీర్పు మర్నాటికి వాయిదా పడింది.

ఆ సాయంత్రమే ముత్తప్ప సింగమ్మ గుడిసె వెతుక్కుంటూ వెళ్లాడు. గుడిసె కప్పు సగం లేదు. పీకేసిన తాటాకుల మధ్య ఆనపతీగ తెగి వాడిపోయి ఉంది. ఇరుగుపొరుగును అడిగితే సంగతంతా బయటపడింది. కప్పుమీద కాసిన ఆనపకాయలు సంతలో ఇచ్చి, జొన్నలు తెచ్చుకుని ఆ మొగుడూపెళ్లాలు బతుకుతున్నారు. నాలుగు రోజుల కిందట ఆ కాయలూ తీగా అన్నీ పోయాయి. ఎవరు తిన్నారో విన్నాక ముత్తప్ప కాసేపు నవ్వాపుకోలేకపోయాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు కొలువు తీరగానే ముత్తప్ప ముందుకొచ్చాడు. సింగమ్మ ఓ పక్కన తలవంచుకుని నిలబడి ఉంది.

"ప్రభూ, ఈ ముద్ద సంగతికి ముందు ఒక పెద్ద దొంగతనం విచారించాలి. దొంగ పేరు మాత్రం తీర్పయ్యాకే చెబుతాను. ముందే చెబితే ఏలినవారు ముఖం చూసి తీర్పిచ్చారని లోకం అంటుంది."

"నేనా? ముఖం చూసి తీర్పిచ్చేవాణ్ణా?" అని రాజుగారు సింహాసనంలో నిటారుగా కూర్చున్నారు. "చెప్పు! ఎంతటివాడైనా సరే!"

సోమయాజిగారికి ఉత్సాహం పొంగుకొచ్చింది. "ఎప్పుడు జరిగింది?"

"పట్టపగలు. ఇంటివాళ్లు చూస్తుండగానే కప్పు పీకి, ఉన్నదంతా పట్టుకుపోయాడు."

"ఓహో, ఇరవై రెండో తరగతి! ఆయుధం?"

"రెండున్నాయి. తెల్లగా, పొడుగ్గా."

"ఇరవై తొమ్మిది! తోడుదొంగ?"

"ఒకడున్నాడు. ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉంటాడు. వారించాలన్న బుద్ధి లేదు."

"ముప్పై మూడు! మొదటిసారేనా?"

"అయ్యో, అదేం మాట. రోజూ ఏటికి స్నానానికి వెళ్తూ దారిలో ఎవరిదో ఒకరిది లాక్కోనిదే అతనికి తోచదు."

"మరి జనం ఏం చేస్తున్నారు?"

"చేతులెత్తి దండం పెడుతున్నారండీ."

"అంతగా భయపెట్టాడా!" సోమయాజిగారు ఆఖరి పుట తిప్పారు. "ముప్పై ఆరు! ప్రభూ, నా గ్రంథం రాసినప్పటినుంచీ ఈ తరగతికి తగిన దొంగ దొరకలేదు. ఇన్నాళ్లకు దొరికాడు. ఏ అవయవంతో లాక్కున్నాడో అది మొదలంటా తెగాలి."

"ఇలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని, మూడు పూటలా మేపేవాడి మాటేమిటండీ?" అని ముత్తప్ప మెల్లగా అడిగాడు.

"వాడు దొంగకంటే పెద్ద దొంగ! వాణ్ణి ఊరంతా తిప్పి, నడిబజారులో నిలబెట్టాలి!"

"అలాగే కానివ్వండి!" అని రాజుగారు గర్జించారు. ముత్తప్ప కొత్త సున్నం రాసిన తాంబూలం చటుక్కున అందించాడు. రాజుగారు అది నోటిదాకా తెచ్చి, "ఏడీ ఆ దొంగ? ఈడ్చుకురండి!" అన్నారు.

"బయటే ఉన్నాడు ప్రభూ. కానీ ఈడ్చడానికి నలభైమంది చాలరు."

అప్పుడే వాకిట్లోంచి ఘీంకారం వినిపించింది. తలుపుల మధ్య నుంచి మల్లభద్రుడి తొండం లోపలికొచ్చి, ద్వారానికి కట్టిన అరటిగెలలోంచి ఒక పండు తుంచుకుంది. పైన కూర్చున్న మావటి దండం పెట్టాడు.

రాజుగారి చెయ్యి పెదవుల దగ్గరే ఆగిపోయింది. మల్లభద్రుణ్ణి చిన్నప్పుడు ఆయనే చేత్తో పాలు పట్టి పెంచారు.

"మల్లభద్రుడి తొండమా! ఒరే ముత్తప్పా, అది నోరులేని జీవంరా! ఆకలేసి తిన్నది!"

ముత్తప్ప చేతులు కట్టుకున్నాడు.

"ఆ ఒక్క మాటకోసమే నిన్నటినుంచీ కాచుకున్నాను ప్రభూ. సోమయాజిగారి ముప్పై ఆరు తరగతుల్లోనూ ఆకలి అన్న మాట లేదు. నిన్న సింగమ్మ నోట ఆ మాట వచ్చింది, మనం పూర్తిగా అననివ్వలేదు. అంతేకాదు, మల్లభద్రుడు పీకిన కప్పు ఆవిడదే."

రాజుగారు తెల్లబోయి సింగమ్మవైపు చూశారు. "నిజమేనా?"

"నిజమే బాబూ. నా తీగంతా తినేశాడు. ఆడిమీద నాకు కోపం లేదు, మూగజీవం. ఇంట్లో ఆయన పస్తుంటే చూడలేక ఆడి పళ్లెంలో ఒక్క ముద్ద తీసుకున్నాను. ఆడు చూశాడు. చూసి, పళ్లెం నాకేసి తోశాడు."

"విన్నారా ప్రభూ? సొత్తుగలవాడు చూస్తూ, తన చేతులారా ఇచ్చాడు. దీన్ని దొంగతనమంటే మల్లభద్రుడు నొచ్చుకుంటాడు" అన్నాడు ముత్తప్ప.

సోమయాజిగారు ఒక పుట ముందుకీ రెండు పుటలు వెనక్కీ తిప్పి, "ఇది... ఇది ఏ తరగతిలోనూ..." అని గొణిగారు.

రాజుగారికి ముందు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వారు. "సోమయాజిగారూ, మీ లెక్కన రేపు నన్ను నడిబజారులో నిలబెట్టాలి! గ్రంథం మళ్లీ రాయండి. మొదటి పుటలో, ఎందుకు తీశావు అని అడగాలని రాయండి. సింగమ్మా, నీ కప్పు మావాళ్లు నేస్తారు. నీ తీగ కాయలు కాసేదాకా రోజూ మల్లభద్రుడితోపాటు మీ ఇంటికీ అన్నం వస్తుంది. నీ చెయ్యి నీదే."

సింగమ్మ ఆ కుడిచేత్తోనే కళ్లు తుడుచుకుంది.

రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి, "ముత్తప్పా, ఇలా రా" అన్నారు.

ముత్తప్ప రాలేదు. పాత తాంబూలం రాజుగారి చేతిలోంచి తీసేసి, కొత్త ఆకు చుట్టి ముందుకు చాపాడు.

"హారం ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు ఇది వేసుకోండి, తీర్పు ఖాయమవుతుంది."