అటక మీది చెప్పులు

రాహేలమ్మ పంతులమ్మను ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పేది కాదు. పలక పక్కన పెట్టి, ఎక్కడో జరిగిన సంగతి ఎత్తుకునేది. నెరిసిన తలతో నేను ఆమె రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన రోజుల్లో విన్నదే ఇదీ.

మాతోపాటు చదువుకునే యోబు ఒక సాయంత్రం కొత్త తాళంకప్ప చేత పట్టుకుని వచ్చాడు. ఊరి బడిలో మా పేట పిల్లల్ని వేరే వరసలో కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారని, మర్నాడు పిల్లలంతా బడి ముందు బైఠాయించాలనుకున్నారు. యోబు కూతురు సువార్తే వాళ్ళకు పెద్ద.

"రేపు దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసేస్తానమ్మా. తప్పా? పెద్దోళ్ళ గొడవల్లో పసిపిల్లలకేం పని?" అన్నాడు.

"వేరే వరసలో తింటోంది పెద్దోళ్ళా ఏంట్రా?" నాకు నోరాగలేదు.

పంతులమ్మ నన్ను చేత్తోనే వారించి, తన పుట్టింటి ఊరి సంగతి చెప్పింది.

ఆ ఊళ్ళో మనవాళ్ళ పిల్లలు బడికి పెద్దవీధి మీదుగానే పోవాలి. వీధి మొదట్లో చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. అదీ అక్కడి కట్టుబాటు. ఒంటిపూట బడి వదిలేసరికి నేల పెనంలా కాలిపోయేది. దానియేలు కూతురు కృప అరికాళ్ళు బొబ్బలెక్కాయి. "కాళ్ళకు కొన్నవి చేత్తో మొయ్యడమేంటి నాన్నా?" అంది. రేపు అందరం తొడుక్కునే నడుస్తాం అని కూడా అంది. పెద్దవీధివాళ్ళు ఊరుకోరని దానియేలుకు తెలుసు. బిడ్డ బతికుంటే అదే చాలనుకుని, ఆ పిల్ల చెప్పులు అటక మీద దాచేశాడు.

కృప ఆగలేదు. వట్టికాళ్ళతోనే వెళ్ళి అందరికన్నా ముందు నడిచింది. వీధి మధ్యకు రాగానే అరుగుల మీంచి రాళ్ళు పడ్డాయి. విసిరినవాళ్ళు ఎవరి కాళ్ళకు ఏమున్నాయో చూళ్ళేదు. మొదటి రాయి కృప కణతకు తగిలింది. ఆ గుంపులో చెప్పులు లేని పిల్ల ఆమె ఒక్కతే. పొద్దు గుంకకముందే పోయింది.

పంతులమ్మ ఆగింది. యోబు తాళంకప్పను చేతిలో తిప్పుతూ అడిగాడు.

"ఇప్పుడక్కడ పిల్లలు చెప్పులతో పోతున్నారా అమ్మా?"

"పోతున్నారు. ఆ వీధిలో ఇంకా చెప్పులు చేత పట్టుకుని నడిచేది దానియేలొక్కడే. అవి ఆయన కాళ్ళకు పట్టేవి కావు, యోబూ."