గుంత ఉన్న చోటే

"సామీ, ఆ ఊరికి మటుకు నేను రాలేను. నన్ను ఈడ్నే వదిలిపెట్టి పోండి," అన్నాడు ఓబులేసు.

కుళ్ళాయప్ప తాత చీనీకాయ ఒలుచుకుంటున్నాడు. తలెత్తలేదు.

వానాకాలం నాలుగు నెలలూ ఒకే చోట ఉండిపోవడం సన్యాసి అయిన తాత నియమం. మిగతా రోజులు ఊరూరూ తిరుగుతాడు. ఈసారి నాలుగు నెలలు రామాంజులు అనే రైతు చీనీ బత్తాయిల తోటలో గడిచాయి. గడువు ఆ రోజుతో తీరింది. రేపు సజ్జలకొట్టాలకు పోదామని తాత పొద్దున్నే చెప్పాడు. ఆ పేరు విన్నప్పటినుంచి ఓబులేసు అన్నం ముట్టలేదు.

"ఈడుండి ఏం చేస్తావు?" అన్నాడు తాత.

"ఏమో సామీ. చస్తానేమో. నా కత మీకు తెలీనిది కాదు."

తాతకు తెలుసు. ఆ మాటకొస్తే జిల్లాలో సగం మందికి తెలుసు. ఓబులేసు ఒకప్పుడు బోరు లారీ మీద పనిచేసేవాడు. తొమ్మిదేళ్ళ కిందట సజ్జలకొట్టాలలో ఆరువందల అడుగులు దించినా దుమ్ము తప్ప నీళ్ళు పడలేదు. పైనుంచి దించిన ఇనుప పైపు ఇంకో బోరుకు పనికొస్తుందని పీకేసుకుని, ఆ రంధ్రం మీద సిమెంటు సంచి పరిచి, ఒక రాయి పెట్టి వెళ్ళిపోయాడు. బోరు లారీల వాళ్ళందరూ చేసే పనే అది. నాలుగో రోజున ఆ ఊరి పిల్ల ఒకతె అందులో పడింది. దానికి నాలుగేళ్ళు. బతకలేదు.

కేసు, జైలు అన్నీ అయ్యాక ఓబులేసు తాతను వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటినుంచి ఏ ఊరికి పోయినా, భజన అయిపోగానే లేచి నిలబడి చేతులు జోడించేవాడు. "నా అజాగర్త వల్ల ఒక పసిబిడ్డ పోయిందయ్యా," అనేవాడు. జనం అయ్యో అనేవాళ్ళు. దానికి నూకలు అంతవరకే ఉన్నాయి, నువ్వేం చేస్తావు నాయనా అనేవాళ్ళు. ఎవరో ఒక అవ్వ మజ్జిగ తెచ్చిచ్చేది. రెండు రోజులు అతనికి ఊపిరాడేది. మూడో రోజుకు బండ మళ్ళీ గుండెల మీదికి ఎక్కేది.

"మనసులో ఏదీ నిలవ పెట్టుకోకూడదు, వచ్చింది వచ్చినట్టే వదిలేయాల," అని తోటివాళ్ళకు చెప్పేవాడు కూడా. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులున్నాయంటారు కదా.

తాత ఒలిచిన కాయలో సగం అతని చేతిలో పెట్టాడు.

"సరే, పోదువులే. పోయే ముందు బండి కింది ట్యాంకు ఖాళీ చేసి పో. అది నీ పని గదా."

ఆ బండి గురించి చెప్పాలి. తాతకు మోకాళ్ళు అరిగిపోయాయి, కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. అది చూడలేక ఒక భక్తుడు సినిమా వాళ్ళు వదిలించుకున్న పాత కారవాన్ కొని తెచ్చి ఇచ్చాడు. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల గది అది. ఎందరో హీరోయిన్లు ముస్తాబైన అద్దం చుట్టూ ఇప్పటికీ బల్బులున్నాయి. తాత ఆ అద్దం మీద గోచీ ఆరేసుకుంటాడు.

లోపల ఒక కమోడు ఉంది. దాని కింద, బండి నేల అడుగున, అంతా చేరే ట్యాంకు. ట్యాంకుకు ఒక పిడి. పిడి మూసి ఉంటే నీళ్ళూ మలమూ కలిసి లోపలే నిలుస్తాయి. నిండాక లావుపాటి గొట్టం తగిలించి, ఎవరి దొడ్లోనైనా సెప్టిక్ గుంతలోకి దాని కొస పెట్టి, పిడి లాగితే మొత్తం ఒక్క ఊపున పోతుంది. తర్వాత నీళ్ళు పోసి కడుక్కోవాలి. బండి తెచ్చిన భక్తుడు ఓబులేసుకు ఇదంతా చూపించే పోయాడు.

అయితే నాలుగు నెలలు ఒకే చోట కదా. గొట్టం ఎటూ రామాంజులు గుంతలోనే ఉంది. వారానికొకసారి ఆ కంపులో కూర్చుని పిడి లాగడం ఎందుకని, ఓబులేసు మొదటి రోజే పిడి తెరిచి పెట్టేశాడు. వచ్చింది వచ్చినట్టే పోతుందనుకున్నాడు.

ఇప్పుడు బకెట్టు తీసుకుని వెళ్ళి చూశాడు. గొట్టం ఎండిపోయి ఉంది. కమోడు మూత తీసి లోపలికి తొంగి చూశాడు. ట్యాంకులో కుప్ప గొంతు దాకా లేచి ఉంది. కట్టె తెచ్చి పొడిచాడు. గోడను పొడిచినట్టుంది. మళ్ళీ పొడిస్తే కట్టె విరిగింది.

ముఖం కడుక్కుని తాత దగ్గరికి వచ్చాడు.

"ట్యాంకు పూడిపోయింది సామీ. నీళ్ళన్నీ ఎప్పటికప్పుడు జారిపోయినాయి. అసలుది అట్లే నిలబడిపోయింది, రాయి అయింది."

"పిడి తెరిచి పెట్టింటివా?"

"అవును సామీ."

"తెరిచి పెట్టి పోతివి," అన్నాడు తాత. తిట్టినట్టు అనలేదు. వాన వచ్చిందన్నట్టు అన్నాడు.

ఓబులేసు అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. కోర్టులో జడ్జి చదివిన కాగితంలో ఉన్నది ఆ మాటే. నోరు తెరిచి ఉన్న బోరును అలాగే వదిలి పోయాడని. తొమ్మిదేళ్ళలో తాను నేర్చుకున్నది ఏమీ లేదని అతనికి తోచింది. ఇంత కాలం భజనలు చేసి, బూడిద పూసుకుని, మళ్ళీ అదే పని చేశాడు. ఇలాంటివాడు ఎవరి దగ్గర ఉంటే ఏం, ఎక్కడికి పోతే ఏం? ఆ కుప్ప చూసినప్పుడు వచ్చిన అసహ్యం ఇప్పుడు తనను చూసుకుంటే వచ్చింది.

తలెత్తేసరికి తాత కనిపించలేదు. కారవాన్ కింద రెండు పాదాలు కనిపించాయి.

ఓబులేసు పరుగెత్తాడు. "మీరు దూరడమేంది సామీ, ఆ గలీజులో!"

"నేను తిన్నదే గదరా అందులో ఉండేది," అంటూ తాత పిడి మూసి, మోచేతుల మీద బయటికి పాకాడు. గడ్డానికి మట్టి అంటింది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయాడు. ఓబులేసు పట్టి లేపాడు.

"బిందె తే," అన్నాడు తాత.

ఆ రోజు ఇద్దరూ తోటలోని మోటారు దగ్గరినుంచి నీళ్ళు మోసి కమోడులో పోశారు. ట్యాంకు నిండా పోసి మూత పెట్టారు. సాయంత్రం ఓబులేసు తీసి చూస్తే కుప్ప కుప్పలాగే ఉంది. మర్నాడు చూసినా అంతే.

"ఇది కరగదు సామీ," అన్నాడు.

తాత ఇంకో బిందె పోశాడు.

ఆ రెండు రోజులూ ఓబులేసు తాతతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. చెప్పుకోవడానికి భజన లేదు, అయ్యో అనడానికి జనం లేరు. పొద్దుగూకులూ ఆ బండి పక్కనే కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా తాను తప్పించుకు తిరుగుతున్న మాటలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చావడమే సుఖం అనిపించింది.

మూడో రోజు తాత జీపులో ఎక్కి కూర్చున్నాడు. "బండి తగిలించు. ఎగుడుదిగుడు దారి చూసి తోలు. లోపలున్నది కదలాల."

నిండిన ట్యాంకుతో కారవాన్ తోట చుట్టూ బండ్ల బాట మీద గుంతల్లో పడి లేస్తూ తిరిగింది. కింద నీళ్ళు గుడగుడమంటున్నాయి. రెండో చుట్టులో రామాంజులు గట్టు మీదినుంచి అరిచాడు. "ఏం తాతా, ఎలచ్చన్లు గానీ వచ్చినాయా?"

"ఓటెయ్యి నాయనా," అని తాత చెయ్యి ఊపాడు.

మూడో చుట్టులో బాట వంకలోకి, అంటే ఎండిన వాగులోకి, దిగింది. అక్కడ పిట్ట కూడా లేదు. కంపు జీపులోకి వస్తోంది. ఓబులేసు బండి నెమ్మది చేశాడు.

"ఈడ ఎవరూ లేరు సామీ. పిడి తీసి కొంచెం వదిలేద్దామా? బండికి బరువన్నా తగ్గుతుంది."

"దారి పొడుగునా వదలకూడదురా," అన్నాడు తాత. "గుంత ఉన్న చోటే వదలాల."

ఓబులేసు ఇంజను ఆపేశాడు. స్టీరింగు పట్టుకుని వంకలోని ఇసుకను చూశాడు. 

"సామీ, ఆ పాప నాతో మాట్లాడింది. ఇంతవరకూ ఎవరికీ..."

తాత అరచేతితో అతని నోరు మూశాడు. మట్టి వాసన వేసే ఆ చెయ్యి గట్టిగానే నొక్కింది. ఓబులేసు కళ్ళల్లోకి చూస్తూ తాత తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం రామాంజులు గుంత దగ్గర బండి ఆపి, గొట్టం తగిలించి, పిడి లాగాడు ఓబులేసు. గొట్టం ఒక్కసారి ఎగిరి పడింది. నాలుగు నెలలదీ గడ్డలు గడ్డలుగా, నల్లగా, ఊపిరి సలపనివ్వకుండా పోయింది. పిడి మూసి మళ్ళీ నింపి మళ్ళీ వదిలారు. నాలుగోసారికి తేట నీళ్ళు వచ్చాయి.

మర్నాడు పొద్దున, వస్తావా అని తాత అడగలేదు. రానని ఓబులేసు చెప్పలేదు. జీపు సజ్జలకొట్టాల దారి పట్టింది.

ఆ పాప తల్లి సుంకమ్మ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఏరుతోంది. ఎండకు కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరప్పా?"

"ఓబులేసును అక్కా. బోరు ఏసినోన్ని."

ఆమె చేతులు ఆగాయి. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నా అజాగర్త వల్ల," అని మొదలుపెట్టి ఆగాడు ఓబులేసు. ఊరూరా చెప్పిన ఆ మాట ఇక్కడ నోట్లో నిలవలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పల్లవి పడినంక, బోరు ఎట్లుందో తెలిసినోన్నని నన్ను పిలిపించిరి. అందరికంటే ముందు నేనే రంధ్రానికి చెవి పెట్టినా. పడతానే ప్రాణం పోయింటుందని నీకు చెప్పినారు గదా. అంతా అయినంక, నిజం చెప్పే ధైర్యం లేక, ఆ మాట చెప్పించింది నేనే. అది నిజం కాదక్కా. పాప మాట్లాడింది."

సుంకమ్మ పెదవులు కదిలాయి. "ఏమనింది?"

"కొత్త చెప్పు జారి బోర్లో పడిందంట. దాన్ని అందుకోబోయి పడినా అనింది. అమ్మకు చెప్పొద్దు, కొడుతుంది అనింది. చెప్పనులే తల్లీ అన్నా."

"ఇంకా?"

"నీళ్ళు అడిగింది. లోతు చూస్తానని పైవాళ్ళకు చెప్పి సన్న పైపు దింపితి, అందలేదు. సాయంత్రానికి ఇంక పలకలేదు. చెప్పు ఇంకా ఆ కిందనే ఉంది."

సుంకమ్మ లేచి లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. బయటికి వచ్చి ఎర్ర చెప్పు ఒకటి అతని ముందు పెట్టింది. అరచేయంత ఉంది. పట్టీ మీద రంగు ఇంకా పోలేదు.

"జత యాడికి పోయిందో తెలీక తొమ్మిదేండ్లు ఎతికినా," అంది. "గడ్డివాములో ఎతికినా. వంకలో ఎతికినా. చెప్పు దొరికితే అది ఎటు పోయి ఎట్ల పడిందో తెలుస్తుందని."

మళ్ళీ అంది. "కొట్టేదాన్నే అప్పా. కొత్త చెప్పు పోగొట్టుకోనొస్తే నిజంగానే కొట్టేదాన్ని."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు రాయడం నాకు చేతకాదు. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి కూడా, దగ్గరికి పోలేక దూరంగానే నిలబడ్డారు.

చివరికి చెప్పును కొంగులో కట్టుకుని, "ఇంక పో. నా కండ్లకు కనపడొద్దు," అంది.

కారవాన్ ఊరి మొగదల ఆపి ఉంది. తాత మెట్టు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ఓబులేసు వచ్చి నేల మీద కూలబడ్డాడు.

"తేలిక కాలేదు సామీ. చెప్పి ఆ తల్లిని ఇంకోసారి చంపితి. ముందుకంటే బరువైంది."

తాత నూనె రాసుకోవడం ఆపలేదు. రాసుకుంటూనే అడిగాడు.

"ట్యాంకు పిడి మూసినావా?"

"మూసినా."

"అయితే రెండు బిందెల నీళ్ళు తెచ్చి పొయ్యి. కడిగినంక కూడా అడుగున కాసిని నీళ్ళుండాల. ఎండిపోనిస్తే మళ్ళా గట్టిపడుతుంది."

ఓబులేసు బిందెలు తీసుకుని లేచాడు. ఆ ఊళ్ళో కుళాయి ఒక్కటే. అది సుంకమ్మ ఇంటి ముందుంది.

అతను కాసేపు నిలబడి, అటే నడిచాడు.