సూదంటురాతి గుహలో కొలువు

నల్లకొండ అడవిలో ఏ గుహకీ లేని పేరు నక్క గుహకి ఉంది. ఆ నక్క పేరు నయవంతుడు. అతని గుహలో కొండంత సూదంటురాయి, దాని నడుమ గుండ్రటి తొర్ర ఉన్నాయి. ఏ జంతువైనా అందులో తల పెట్టి కదలకుండా పడుకుంటే ఎదుటి తడిగోడ మీద దాని మెదడు బొమ్మ తేలుతుంది. భయమేస్తే ఒకచోట వెలుగు, ఆకలేస్తే ఇంకోచోట వెలుగు. మూర్ఛ రోగులకైతే చెడినచోట నల్లటి మచ్చ.

ఆ గుహలో పనికి ఒక పండితుడు కావాలని కాకి అడవంతా చాటింది. "చదువు పూర్తయి ఉండాలి. సొంత గుహ ఉండకూడదు!"

రెండూ కపిలకి అతికినట్టు సరిపోయాయి. కపిల ముంగిస. ముసలి తాబేలు దగ్గర మెదడు విద్య నేర్చింది. గురువు నడకలాగే చదువూ నిదానంగా సాగింది. ఈలోపు తన ఈడు ముంగిసలన్నీ పుట్టలు చూసుకుని పిల్లలకి వేట కూడా నేర్పేశాయి.

"పాముల్ని పట్టే జాతి మనది. పుర్రెల్లోకి తొంగిచూడటమేంటే?" అన్నాడు అన్న.

"ఈ ఒక్క కొలువూ చూడనీ అన్నయ్యా. రాకపోతే నీ వెంటే వస్తా."

నయవంతుడు గుమ్మందాకా ఎదురొచ్చాడు. "రా తల్లీ, రా. తాబేలుగారి శిష్యురాలివంటే మా ఇంటిపిల్లవే. ఒక చిక్కు చెబుతా, విప్పు చూద్దాం. నీ తెలివి తెలుసుకోడానికే సుమా! ఎంత కదలకుండా పడుకున్నా ఊపిరి ఆగదు కదా. దాంతో తల ఊగుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. ఏం చేస్తావు?"

కపిల కళ్ళు మెరిశాయి. తన వయసంతా ధారపోసింది ఆ చిక్కుకే.

"అంటే... ఏమిటంటే అయ్యా, ఊపిరి ఆపక్కర్లేదు. వదిలిన ఊపిరికీ పీల్చే ఊపిరికీ నడుమ చిన్న సందు ఉంటుంది, ఉయ్యాల వెనక్కి తిరిగేముందు ఆగినట్టు. ఆ సందులో పడిన బొమ్మల్నే ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి."

"ఎలా ఏరతావు?"

చెప్పింది.

"ఎలా పేరుస్తావు?"

తోకతో నేల మీద గీసి మరీ చూపించింది. నయవంతుడు ఆహా అంటూ తలూపుతున్నాడు. గుమ్మం పక్క కొమ్మ మీద ఒక చిలుక కన్నార్పకుండా వింటోంది.

"ఇంకొక్క మాటుందయ్యా. జ్వరంతో ఉన్నవాళ్ళకి మాత్రం..."

"చాలు, చాలు తల్లీ. ఆ మాట కొలువులో చేరాక చెబుదువుగాని. కబురు పంపుతా."

కబురు రాలేదు. కాకి కనబడ్డప్పుడల్లా కపిల అడిగేది. "ఆలోచిస్తున్నారట" అనేది కాకి. చివరికి ఓనాడు అంది: "చిలుకకి ఇచ్చేశారుగా! నీకు చెప్పలేదూ?"

"చిలుకకి మెదడు విద్య వచ్చా?"

"సభలో బాగా మాట్లాడుతుందట. సొమ్మొకడిది, సోకొకడిది!"

అంతలో మృగరాజు కొడుక్కి మూర్ఛలు మొదలయ్యాయి. కొత్త పద్ధతిలో బొమ్మ తీస్తానని నయవంతుడు ప్రకటించాడు. అడవంతా గుహలో చేరింది. కపిల వెనక ఎక్కడో నిలబడింది.

చిలుక గొంతు సవరించుకుంది. "అంటే... ఏమిటంటే అయ్యా, ఊపిరి ఆపక్కర్లేదు..."

తన తడబాటుతో సహా! కపిల ఒళ్ళు భగ్గుమంది. కానీ అప్పుడే సింహపుపిల్లని మోసుకొచ్చారు. దాని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది" అంటూ తల్లి దాని నుదురు నాకుతోంది. ఆ మాటతో కపిల కోపం ఎటుపోయిందో, జంతువుల కాళ్ళ సందుల్లోంచి ముందుకి దూకింది.

"ఆగండి! జ్వరంలో ఊపిరి వేగంగా ఆడుతుంది. ఆ సందు దొరకదు. మచ్చ పక్కకి జరిగి కనబడుతుంది. జ్వరం దిగనివ్వండి!"

"కొలువు రాలేదని కడుపుమంట మహారాజా" అన్నాడు నయవంతుడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

సభ నవ్వింది. గోడ మీద మచ్చ తేలింది. ఎలుగుబంటి వైద్యుడు బొమ్మ చూసి, ఏదుపంది ముల్లుతో సరిగ్గా అక్కడే పసరు దించాడు.

మూర్ఛలు తగ్గలేదు. పైగా బిడ్డ ఎడమ ముంగాలు చచ్చుబడిపోయింది.

మృగరాజు గర్జనకి గుహ దద్దరిల్లింది. నయవంతుడు కాళ్ళ మీద పడ్డాడు. "మహారాజా, ఆ పద్ధతి నాది కాదు! ముంగిస కపిలది! అది చెప్పినట్టే చేశాం!"

తన పద్ధతికి తన పేరు పెట్టడం కపిల అప్పుడే మొదటిసారి విన్నది.

"నిజమేనా?" అన్నాడు మృగరాజు.

"నిజమే మహారాజా. నాదే. నాదని వారికీ తెలుసు. మరి నేను ఆగమని మొత్తుకున్నప్పుడు ఎందుకు ఆగలేదో అడగండి."

"జ్వరం సంగతి ఇది ముందు చెప్పలేదు మహారాజా! కావాలనే దాచింది! కావాలంటే మా చిలుకని అడగండి. విన్నమాట ఒక్కటీ మరవదు."

తన కొలువులో ఉన్న చిలుక తన మాటే పలుకుతుందని నక్క ధీమా. అడిగారు. చిలుకకి అబద్ధం ఎలా అల్లాలో తెలియదు, విన్నది అప్పగించడమే తెలుసు. కపిల గొంతుతో "జ్వరంతో ఉన్నవాళ్ళకి మాత్రం..." అంది. వెంటనే నక్క గొంతుతో "చాలు, చాలు తల్లీ. ఆ మాట కొలువులో చేరాక చెబుదువుగాని" అంది.

నయవంతుణ్ణి ఆ పూటే అడవి పొలిమేర దాటించారు.

జ్వరం దిగాక కపిలే బొమ్మ తీసింది. మచ్చ అంగుళం అవతల కనబడింది. ఈసారి పసరు పనిచేసి మూర్ఛలు ఆగాయి. చచ్చుబడిన కాలికి మాత్రం సత్తువ తిరిగి రాలేదు.

ఇక కొలువు తనదేననుకుంది కపిల. మృగరాజు మాత్రం ఏనుగుల్ని పిలిచాడు. "ఈ గుహ మూసేయండి."

"మహారాజా, తప్పు రాయిది కాదు. ఇంకా ఎంతమంది రోగులు..."

"నా బిడ్డ కుంటుతూ నా కళ్ళముందు తిరుగుతుంటే ఈ రాయిని చూడలేనమ్మా."

ఏనుగులు బండ దొర్లించాయి. బయట నిలబడ్డ ముసలి జింక ఒకటి, మూర్ఛలొచ్చే కూనని పక్కన పెట్టుకుని, "మాకు ఇంక ఎవరమ్మా దిక్కు?" అని కపిలని అడిగింది. కపిల తలదించుకుని అన్న పుట్ట దారి పట్టింది.

తెలివిని దోచుకుని తెలివైనవాళ్ళని గెంటేసిన చోట, నష్టం దొంగ ఒక్కడితో పోదు.